డొంక పక్క సాళ్లు

పోయిన వారం హెలెన్‌ని పత్తి గోడౌను గుమ్మంలో, త్రినాథ్ ఎదురుగా నిలబెట్టి వదిలేశాం. "ఫోన్ చేసింది నువ్వేనా?" అని అడిగేసింది ఆ పిల్ల. నోరు జారితే వెనక్కి తీసుకోలేం కదా, ఆ మాట అలాగే ఇద్దరి మధ్యా నిలబడిపోయింది.

కొత్తగా ఈ కథలో అడుగుపెట్టినవారికి రెండు ముక్కలు చెప్పాలి. హెలెన్‌ది ప్రత్తిపాడు. తల్లి జయకుమారి మిరప కోతలకి పోయే మనిషి. తండ్రి లేడు. బీఈడీ చదివిన హెలెన్‌కి ఒకరి కింద పనిచెయ్యడం కాదు, సొంతంగా ఒక ట్యూషన్ సెంటర్ నిలబెట్టాలని పట్టుదల. మొదట సత్తెనపల్లిలో పెట్టింది. ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఈ టీచర్ పరీక్షలో జవాబులు అందిస్తుందని పోటీవాళ్లు పుకారు లేపారు. తల్లిదండ్రులు మందగా వచ్చి నిలదీశారు. అప్పుడు నోరు పెగల్లేదు పిల్లకి. చెయ్యని తప్పుకి తల దించుకుని, తాళం వేసి, బస్సెక్కి ఇంటికొచ్చేసింది. ఆ బస్సులో కూర్చున్నంతసేపూ తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

రెండోసారి సొంతూళ్లోనే మొదలుపెట్టింది. తనతో చదువుకున్న త్రినాథ్‌ని భాగస్వామిగా చేర్చుకుంది. అతని మేనమామ యలమంద గారి పాత పత్తి గోడౌను దొరికింది. పేరు 'తొలిగంట' అని పెట్టారు. కోతల కాలంలో అమ్మల వెంట చేలోకి పోయి బడికి దూరమైపోయే పిల్లలకి పొద్దున్నే ఒక పాఠం, సాయంత్రం ఒక పాఠం. చూస్తుండగానే గోడౌను కిటకిటలాడింది. హెలెన్ నడకే మారిపోయింది. సరిగ్గా అప్పుడు ఎవరో పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ కొట్టారు. అధికారులు జీపులో దిగి, యలమంద గారి చేలో మిరపకాయలు కోస్తున్న పిల్లల్ని ఎక్కించుకుపోయారు. సాయంత్రానికి వదిలేశారు గానీ యలమంద గారికి నోటీసొచ్చింది, తల్లులకి చీవాట్లు పడ్డాయి. మర్నాటి నుంచి పిల్లలు మళ్లీ చేలోకే పోయారు, తొలిగంటకి మాత్రం ఒక్క పిల్ల రాలేదు. చదువుకున్నది టీచరమ్మ, నంబరు తెలిసేది టీచరమ్మకి, చేసింది టీచరమ్మే అని ఊరు తీర్పు చెప్పేసింది. తను చెయ్యలేదని హెలెన్‌కొక్కదానికే తెలుసు. మరి ఎవరు?

ఇక త్రినాథ్ జవాబు.

అతను కోప్పడలేదు. అదే హెలెన్‌కి ఇంకా అనుమానంగా తోచింది. గోడకి చేరగిలబడి, పిచ్చి నవ్వొకటి నవ్వి, "నేను నువ్వనుకున్నాను" అన్నాడు.

"నేనా?"

"మరి? రోజూ పిల్లలు చేలోకి పోతుంటే గుమ్మంలో నిలబడి చూసేదానివి కదా. మొహం ఎలా పెట్టేదానివో నీకు తెలీదు, నేను చూశాను. ఏదో ఒకరోజు ఉండబట్టలేక చేసేస్తావనే అనుకున్నా. చేశావనే అనుకుని, ఇన్నాళ్లూ మా మావయ్య దగ్గర నిన్ను వెనకేసుకొస్తన్నా."

"మంగళగిరి పోదాం, అక్కడ ఆఫీసులోళ్ల పిల్లలకి చెప్పుకుందాం, ఈ మిరపచేల మధ్య మనకేం మిగులుద్ది అని నెల్నాళ్లుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఎవరు? ఇక్కడ మూతపడితే నీకు మంచిదేగా!"

"పోరాను. ఇప్పుడూ పోరతా. అంతమాత్రాన మా మావయ్య చేలోకి జీపు పంపిస్తానా? పంపిస్తే మా అమ్మ నన్ను గడప తొక్కనిస్తుందా?" త్రినాథ్ గొంతు పెరిగింది. అంతలోనే తగ్గింది. "ఇన్నేళ్ల స్నేహం హెలెన్. అడిగే ముందు ఒక్కసారి ఆలోచించలేకపోయావా?"

ఆ మాటకి హెలెన్‌కి సిగ్గేసింది. సిగ్గేసినా అనుమానం మాత్రం పూర్తిగా వదల్లేదు. మిరపకాయలు కోసిన చేతిలాంటిది అనుమానం. కడిగేశాననుకుని కన్ను తుడుచుకుంటే మళ్లీ మంట.

"మావయ్య కబురు చెప్పమన్నాడు" అన్నాడు త్రినాథ్ వెళ్లబోతూ. "ఆదివారం గుళ్లో ప్రార్థన అయ్యాక అందర్నీ ఇక్కడికే పిలిపిస్తన్నాడు. ఫోన్ చేసినవాళ్ల పేరైనా చెప్పాలంట, తాళంచెవైనా ఇవ్వాలంట. పేరు చెప్పకపోతే అది నువ్వేనని లెక్క."

హెలెన్ ఇంటికొచ్చేసరికి జయకుమారి వాకిట్లో మంచం మీద ఊరికే కూర్చుని ఉంది. కోతల కాలంలో పగటిపూట ఆ మంచం మీద మనిషిని చూడటం ఆ ఇంట్లో ఎరగరు. జీపొచ్చిన రోజు నుంచీ మేస్త్రి పున్నమ్మ జయకుమారిని పనికి పిలవడం మానేసింది. కోతలకి పోవాలంటే ముఠాలో పేరుండాలి. ముఠాలో ఎవరుండాలో, ఎవరే సాలు కొయ్యాలో చెప్పేది మేస్త్రే. పున్నమ్మ నోటికి ఊళ్లో మగాళ్లే జడుస్తారు. ఫోన్ చేసింది హెలెనేనని మొదట నోరెత్తి అరిచింది కూడా ఆవిడే.

"ఇవాళా పిలవలేదామ్మా?"

"పిలవదు. వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుపోతంది. చిన్నప్పటి నుంచి ఒక్క సాల్లో కోసినోళ్లం మేము." జయకుమారి ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. "అంతా మన ఖర్మ. ఆ రోజు పిల్లలు ఎప్పట్లా నడిమి సాళ్లలో ఉండుంటే ఈ గొడవే లేకపోను. దూరిపోయేవోళ్లు."

"ఎక్కడికి దూరేవాళ్లు?"

"పక్కన పత్తి చేలోకి. ఏందే, నీకు తెలవనట్టు అడుగుతావు? పిల్లల్ని ఎప్పుడూ చేను నడిమజ్జెనే పెడతాంగా, డొంకన పొయ్యేవాళ్లకి అవుపడకుండా. జీపు చప్పుడు వినపడితే చాలు, పత్తి చేలోకి పాక్కుంటా పోతారు. పోయినేడు కూడా అట్టాగే తప్పించుకున్నారు. ఈసారి పున్నమ్మ పిల్లల్ని తీసకపోయి డొంక పక్క సాళ్లలో పెట్టింది. మమ్మల్ని నడిమికి పంపింది. మజ్జిగ బిందె డొంక గట్టునే ఉంది, పిల్లలకి దగ్గరగా ఉంటదిలే అంది. ఏరోజూ చెయ్యని పని ఆ రోజే చెయ్యాలా? పాపం దానికి మాత్రం ఏం తెలుసు, జీపొస్తదని!"

హెలెన్ చేతిలోని మంచినీళ్ల గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

తెలుసేమో. జీపొస్తుందని తెలిసినవాళ్లే అయితే, పిల్లల్ని దాచేచోటు నుంచి తీసి, డొంక మీద నుంచి చూస్తే ఎదురుగా కనపడేచోట పెడతారు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లుగా ఎవరికీ తట్టలేదు. పున్నమ్మ అరుపులు అలాంటివి మరి. అరిచేవాళ్లని ఎవరూ అనుమానించరు.

కానీ తన సొంత మనవరాలు అఖిల కూడా ఆ జీపెక్కింది కదా! ఏ ముసలమ్మైనా సొంత మనవరాల్ని పట్టిస్తుందా? హెలెన్‌కి కాళ్లు నిలవలేదు. తల్లికి ఏమీ చెప్పకుండా చెప్పులేసుకుంది.

పున్నమ్మ అప్పుడే చేలోంచి వచ్చి, అరుగు మీద కూర్చుని చేతులకి ఆముదం రాసుకుంటోంది. రోజంతా కాయ కోసిన వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. హెలెన్‌ని చూడగానే గొంతు లేపింది, ఇరుగుపొరుగు వినేలాగా.

"ఏం మొహం పెట్టుకుని వచ్చావే నా గడపకి? పసిపిల్లల్ని జీపెక్కించిన నోటితో నీళ్లడుగుతావా?"

"నీళ్లొద్దు పెద్దమ్మా. ఒక్కటి అడిగి పోతా. ఆ రోజు పిల్లల్ని డొంక పక్క సాళ్లలో ఎందుకు పెట్టావు?"

పున్నమ్మ చెయ్యి ఆగింది. ఆగి, మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టింది. "మజ్జిగ బిందె..."

"మజ్జిగ బిందెని నడిమికి మోయించొచ్చు. ఇన్నేళ్లుగా మోయిస్తూనే ఉన్నావు."

"మేస్త్రిని నేను. నా ఇష్టం. నువ్వెవతివే నన్నడగటానికి?"

"ఎవర్నీ కాను. అందుకే నీ దగ్గరికే వచ్చి అడుగుతున్నా. కావాలంటే యలమంద గారి దగ్గరికే పోయి ఇదే మాట అడగొచ్చు. పోలేదు."

పున్నమ్మ వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది. ఆముదం సీసా మూత పెట్టింది. ఆవిడ గొంతు ఇంత చిన్నగా కూడా ఉంటుందని హెలెన్‌కి అంతవరకూ తెలీదు.

"లోపలికి రా."

లోపల వంటింటి గుమ్మం దగ్గర ఇద్దరూ నిలబడే ఉన్నారు. పున్నమ్మ కూర్చోమనలేదు. హెలెన్ అడగలేదు.

"చేశాను" అంది పున్నమ్మ. "నంబరు బడి గోడ మీదే ఉందిగా ఇంతింత అక్షరాలతో. అఖిలచేత చదివించుకున్నా. ఎందుకో దానికి చెప్పలా. ఇంకేం కావాలి నీకు?"

నిజం వినాలనే వచ్చింది హెలెన్. విన్నాక మాత్రం ఒళ్లు మండిపోయింది. "ఎందుకు? చేసి, ఆ పాపం నా నెత్తిన ఎందుకు రుద్దావు? మా అమ్మ కూలి ఎందుకు పోగొట్టావు? నీ మనవరాలికి నేను పాఠం చెప్పలేదా? పొద్దున్నే చలికి వణుక్కుంటూ వస్తే నా శాలువా కప్పి కూర్చోబెట్టలేదా?"

"అరవమాక. గోడ అవతల మనుషులున్నారు." పున్నమ్మ గుమ్మానికి ఒరిగింది. "దానికి లెక్కలొస్తన్నాయి హెలెనూ. ఇంట్లో కూర్చుని నాకే చెప్తంది, అమ్మమ్మా ఇది ఇంత, అది అంత అని. మా వంశంలో అట్టాటిది పుట్టలా. అది ఎండన పడి, ఘాటుకి దగ్గుతా కాయలు కోస్తంటే నేను చూళ్లేకపోయా."

"అయితే మానిపించొచ్చుగా!"

"ఎట్టా మానిపించను?" పున్నమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. "నేను మేస్త్రిని. నా మనవరాల్ని ఇంట్లో కూర్చోబెట్టి, పక్కింటోళ్ల పిల్లని కోతకి రమ్మంటే నా మొహాన ఉమ్మెయ్యరూ? నా పిల్ల మానితే అందరి పిల్లలూ మానతారు. మనుషులు తగ్గితే కోత ఆలీసమవుద్ది. కాయ చెట్టునే ఎండి రాలిపోతంటే యలమంద గారు చూస్తా ఊరుకుంటాడా? కర్నూలు వైపు నుంచి లారీ ఎక్కించి ముఠాని దించుతాడు. అప్పుడు మా పొయ్యిల్లో పిల్లి లేవదు. అదే సర్కారోళ్లొచ్చి ఆపారనుకో, ఎవరి తప్పూ లేదు, ఎవరికీ సిగ్గు లేదు. అందరి పిల్లలూ ఒక్కసారే ఆగిపోతారు. అట్టా అనుకున్నా."

"మరి నా పేరు?"

పున్నమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"ఆ సాయంత్రం అందరూ ఎవరు ఎవరని నా మొహంలోకే చూస్తన్నారే. బయమేసింది. నోటికి నీ పేరొచ్చింది. చదువుకున్నదానివి, ఇక్కడ కాకపోతే గుంటూరులో బతుకుతావు. సత్తెనపల్లి నుంచి వచ్చెయ్యలా? అట్టాగే ఇక్కణ్ణించీ పోతావనుకున్నా. నేనెక్కడికి పోను?"

హెలెన్‌కి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. పారిపోయే మనిషని ఊరు తనకి పేరు పెట్టేసిందన్నమాట. ఇంకెవరి మీద తోసినా తిరగబడతారు, హెలెన్ మీద తోస్తే తాళం వేసి పోతుంది! పున్నమ్మ మీద కోపం కన్నా తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది.

హెలెన్ గుమ్మం దాటుతుంటే "ఆదివారం చెప్పుకో పో" అంది పున్నమ్మ వెనక నుంచి. బెదిరింపో బతిమాలటమో తేల్చుకోలేని గొంతు అది. "నేను లేదంటా. ఎవర్ని నమ్ముతారో చూద్దాం."

ఆదివారం గుడి విడిచిపెట్టగానే జనం గోడౌను ముందు పోగయ్యారు. ముఠా ఆడవాళ్లంతా ఒకవైపు, పిల్లలు వాళ్ల కొంగుల చాటున. సంఘ పెద్ద తోమా గారు బైబిలు చంకన పెట్టుకుని అరుగు చివర కూర్చున్నారు. త్రినాథ్ గోడ పక్కన ముభావంగా నిలబడ్డాడు. యలమంద గారు కుర్చీ కూడా వద్దన్నారు. మంచి రైతే, చెడ్డవాడని చెప్పలేం. కూలి ఎగ్గొట్టిన మనిషి కాదు. కాకపోతే పరువు మీద దెబ్బ పడింది.

"మా తాతలనాటి నుంచి మా చేలో సర్కారు జీపు దిగి ఎరగం" అన్నారు. "నీకు గోడౌనిచ్చాను. చదువు చెప్పుకోమ్మా అన్నాను. అవునా? ఇప్పుడు నాకొకటే కావాలి. ఫోన్ చేసిందెవరు?"

 సత్తెనపల్లి మొహాలు హెలెన్ కళ్ల ముందు కదిలాయి. ఈసారి మాత్రం తల దించుకోలేదు.  

"నేను చెయ్యలేదు బాబాయ్ గారూ."

"మరెవరు?"

"ఎవరో తెలుసు. చెప్పను."

గోలయిపోయింది. "చూశారా, చూశారా!" అని ఒకావిడ. "తెలిసి దాచటమేంది?" అని ఇంకొకావిడ. జయకుమారి నోరు తెరుచుకుని కూతురివంక చూస్తోంది. ముఠా ఆడవాళ్ల ముందు వరసలో నిలబడ్డ పున్నమ్మ మాత్రం నేలచూపులు చూస్తోంది. ఇన్నాళ్లూ అందరికన్నా గట్టిగా అరిచిన మనిషి ఇవాళ అరవడం లేదు. అది గమనించింది హెలెన్ ఒక్కతే.

తోమా గారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. "చెప్పటానికేమమ్మా? నీ మీద పడ్డ మచ్చ పోతుంది కదా."

"నా మచ్చ పోతుందండీ. ఇంకొకరి కూడు పోతుంది. ఆ ఫోన్ చేసినవాళ్లకి నాకన్నా ధైర్యం ఎక్కువ. రోజూ ఈ గుమ్మంలో నిలబడి పిల్లల్ని చేలోకి సాగనంపాను నేను. టాటా కూడా చెప్పాను. నాకా ధైర్యం రాలేదు."

"పెద్ద పెద్ద మాటలెందుకులే" అన్నారు యలమంద గారు. "పేరు చెప్పనన్నావు. అయితే తాళంచెవి ఇవ్వు."

హెలెన్ తాళంచెవి తీసింది. యలమంద గారు చెయ్యి చాచారు. ఆ చేతిని దాటుకుని ఆడవాళ్ల వైపు నడిచింది. ముందుగా అనుకుని చేసింది కాదు. అనుకుని ఉంటే కాళ్లు కదిలేవి కావు.

"గోడౌను మీది. కాదనను. కానీ పిల్లలు ముఠా పిల్లలు. ఈ తలుపు వాళ్లకి ఉండాలో వద్దో మేస్త్రమ్మనే చెప్పనివ్వండి. ముయ్యమంటే ఇప్పుడే మూసేసి, ఊళ్లోనే ఇంకో చోటు వెతుక్కుంటా. ఊరొదిలి మాత్రం పోను" అంటూ తాళంచెవిని పున్నమ్మ అరచేతిలో పెట్టింది.

తనది జాలో, కక్షో హెలెన్‌కే తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం ఉన్నాయేమో. పున్నమ్మ కూడా అదే వెతుకుతున్నట్టు ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"తేల్చెయ్ పున్నమ్మా" అన్నారు యలమంద గారు. ఆయనకి జవాబు తెలుసనే ధీమా. "మొదటి నుంచీ నువ్వంటున్నదేగా. తాళం వేసి నా చేతికియ్యి."

పున్నమ్మ తలుపు దగ్గరికి నడిచింది. అందరూ తాళం వేస్తుందనే చూస్తున్నారు. తలుపు రెండో రెక్క కూడా బార్లా తీసేసి, వెనక్కి తిరిగి, ఎప్పటి గొంతుతో కేకేసింది.

"అఖిలా! ఇట్రా. లోపలికి పోయి కూర్చో."

పిల్ల బిత్తరపోయి అటూ ఇటూ చూసి, తల దించుకుని గబగబా లోపలికి పోయింది.

"ఇదేంటి?" యలమంద గారి మొహం మారింది. "మరి రేపు కోతకి?"

"నా మనవరాలు రాదయ్యా. రేపే కాదు, ఇంక రాదు. పెద్దోళ్లం వస్తాం. పిల్లలు రారు."

 తర్వాత ముఠాలో ఒకావిడ కొంగు చాటున ఉన్న తన కూతురి వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. ఇంకొకావిడ తోసింది. చూస్తుండగా గుమ్మం దగ్గర పిల్లల చెప్పులు గుట్ట పడ్డాయి. త్రినాథ్ మొహం మీదికి అప్పుడొచ్చింది నవ్వు. హెలెన్‌కి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఈ రోజు కోసం ఎన్ని రాత్రులు ఎదురుచూసిందో ఆ పిల్లకే తెలుసు.

యలమంద గారు ఎవరివైపూ చూడలేదు. జేబులోంచి ఫోన్ తీశారు. అక్కడే, అందరూ వింటుండగానే మాట్లాడారు.

"ఆ, నేనే యలమందని. మీ కర్నూలు ముఠా ఎక్కడుంది? రేపు పొద్దుటికి దింపగలవా? మొత్తం చేను. ఇక్కడోళ్లు అక్కర్లేదు."

ఫోన్ జేబులో పెట్టుకుని, కండువా దులుపుకుని వెళ్లిపోయారు. లోపల పిల్లలు ఎవరి చోట్లో వాళ్లు కూర్చుంటున్న చప్పుడు వినపడుతోంది. బయట వాళ్ల అమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

పున్నమ్మ హెలెన్ దగ్గరికొచ్చి తాళంచెవి తిరిగి చేతిలో పెట్టింది.

"నీ బడి నిలబడింది టీచరమ్మా" అంది. "రేపు వీళ్లందరికీ పనెవరు చూపిస్తారు?"